మూర లెక్క

డాబా మీద ఇనుము నిలబెట్టనివ్వదు ధనవేణమ్మ.
పోయినేడు పక్కింటి కొబ్బరి మొవ్వు మీద పిడుగు పడిందట,
వారం దాకా ఆ వాసన పోలేదట.
"లోపల ఏం చేసుకుంటావో చేసుకో.
గోడకి మేకు దిగిందా,
అద్దె పెరుగుద్ది. ఆయ్."

సరే, లోపలే.

కాకినాడ పాత సామాన్ల కొట్లో
గీసి గీసి బేరమాడి తెచ్చుకున్న స్కానరు.
మూడు మీటల మీద అంకెలు అరిగిపోయాయి,
వెనక మూత బదులు ఎవరిదో రబ్బరు బ్యాండు.
ఐసు ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చెవులింకా జిలజిలమంటుండగానే
మూడు రాత్రులుగా దీని ముందు కూర్చుంటున్నాను.
కాలిన పెనం మీద నీళ్ళు పోసినట్టు
ఒకటే చప్పుడు.

ముందు తీగని కర్టెను కడ్డీ మీద పడుకోబెట్టాను.
తర్వాత బీరువా పక్కన. అది ఇంకా దండగ.
దోమతెర కొసకి, మంచం కోడుకి,
ఎక్కడ కట్టినా
పల్లిపాలెంలో ఉన్న ప్రతి ట్యూబులైటూ, ప్రతి మోటారూ,
రొయ్యల చెరువుల్లో రాత్రంతా నీళ్ళు చిలికే చక్రాలూ
నా ఒక్క గదిలోకే వచ్చి పోట్లాడుకుంటున్నాయి.

మెట్ల మీద పూలు కడుతూ ఆవిడ అడిగింది:
"ఎంత పొడుగు కావాలేంటి నీ తీగ?"
నలభై అయిదు సెంటీమీటర్లు, రెండు ముక్కలు.
"మూర అని చెప్పొచ్చు కదా!"

చెయ్యి చాపింది.
మోచేతి నుంచి నడివేలి కొస దాకా
నలభై ఏళ్ళు కనకాంబరాలు పరిచిన చోటే
రాగి తీగ పరిచింది.
అలవాటుగా కొసరు వదలబోతే
వద్దమ్మా, ఇది కొసరు ఒప్పుకోదన్నాను.
"పిసినారి బేరం," అంది.
ఆవిడ కిందికి వెళ్ళాక టేపు పెట్టి చూశాను.
నలభై అయిదూ పావు.
కత్తిరించలేదు.

కేబుల్ టీవీ కుర్రాడు వదిలేసిపోయిన నల్ల వైరు.
నడిమి నరం పై మూరకి,
చుట్టూ ఉన్న అల్లిక కింది మూరకి,
రెంటి మధ్యా వేలెడు ఎడం.
ప్లాస్టిక్ పైపు ముక్కకి కట్టబోతే
చెమ్మకి అంటుటేపు ఊడిపోతోంది.
తడి అరటినార తెచ్చి ఆవిడే బిగించింది.
"నిలువుగా వేలాడదియ్యి. జడ ఎవరైనా అడ్డంగా పెట్టుకుంటారా?"

నిజమే. పడవల మీద తీగలూ నిలువుగానే ఉంటాయి.
ఎప్పటిదో ఉయ్యాల కొక్కెం ఉంది, తూర్పు కిటికీ పైన.
ఊచలకి తగలకుండా జానెడు ఇవతలగా
దానికే వేలాడదీశాను.

ఎనిమిదింపావుకి కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి. చెరువుల్లో చక్రాలు
ఒకదాని తర్వాత ఒకటి నిమ్మళించాయి.
జనరేటర్లు అందుకోవడానికి ఇంకా నాలుగు నిమిషాలు పడుతుంది.
ఆ సందులో,
పెనం చల్లారి,
పక్క గదిలోంచి అన్నట్టు:

"ఎన్ని బారల్లో ఉన్నార్రా?"
"పదకొండు."
"ఐసుందా?"
"రేపటి దాకా సరిపోద్ది."
(ఆ ఐసు దిమ్మలు పొద్దున నేను దించినవే.)
"కూరేంటి?"
"పులుసు. అప్పలకొండ ఉప్పు తేడం మర్చిపోయాడు."

మెట్ల మీద చీకట్లోంచి ఆవిడ నవ్వు ముందు వచ్చింది,
తర్వాత తిట్టు:
"సముద్రం మీదుండి ఉప్పు లేదంటార్రా, వెధవల్లారా!"
వాళ్ళకి వినపడదమ్మా,
దీనికి వినడమే తెలుసు, పలకడం రాదు, అన్నాను.
ఆవిడ వినిపించుకోలేదు, ఏదో లెక్కలో ఉంది.

"బారకి నాలుగు మూరలు.
పదకొండంటే నలభై నాలుగు."
చేతిలో దండ ఆపినట్టుంది.
"అడుగు దాకా అందాలంటే అన్ని పూలు కావాలన్న మాట.
ఒక్క రోజులో అంత కట్టలేదు నేనెప్పుడూ."

చెరువుల వైపు ఓ జనరేటరు దగ్గింది.